పదిహేడో తేదీ మర

నలభై రోజులు
మా ఇంట్లో రహస్యాల్లేవు.
చెవికి ఆనిస్తే ఫోను దోమంత కూడా గొణగదు.
స్పీకరు నొక్కితే
పక్క వాటా సలోమీ పిన్ని కుక్కరు దించి మరీ వింటుంది.

కరుణకి పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ.
రెండింటికి, టీ తాగే పది నిమిషాల్లో ఫోన్ చేస్తుంది.
ఉన్నది ఒక్క గది,
పిల్లలిద్దరూ, అమ్మా, నేనూ.
ఒకప్పుడు దుప్పట్లో దూరి వినేవాణ్ణి.
ఇప్పుడు గొంతు గోడలకి కొట్టుకుంటుంది:
"తిన్నారా?" "తిన్నాం."
"గడియ పెట్టారా?" "పెట్టా."
"ఇంకేంటి?"
"ఏం లేదు. నీకూ?"
"ఏం లేదు."
బస్టాండులో మైకు ఇంతకంటే ప్రేమగా పిలుస్తుంది.

లాడ్జి సెంటర్లో జానీబాషా కొట్లో
నూట ముప్పై పెట్టి ముక్క కొన్నా.
వేయించుకుంటే ఇంకో నాలుగొందలు.
"ఇంట్లో వేసుకుంటావా అన్నా?
అద్దం పగిలిందని మళ్లీ నా దగ్గరికి రాకు."

ఆదివారం. యార్డుకి సెలవు.
చాప మీద పాత క్యాలెండరు కాగితం పరిచా.
వెనక అట్ట జిగురు కరగాలని
కరుణ నడుముకి పెట్టుకునే వేణ్ణీళ్ల సంచి ఆనించా.
గడువు తీరిన గేటు పాసు సందులో దూర్చి
చుట్టూ జరిపా,
రొయ్యకి పెంకు ఒలిచినట్టు, తొందరపడకుండా.
ముందు బ్యాటరీ తీగ విప్పాలి,
అది మర్చిపోయావో అంతా పోయినట్టే.
విప్పిన మరల్ని వరసగా
ఒక్కో తేదీ గడిలో ఒక్కోటి పెట్టా.
ఒకటో తేదీది పొట్టి, నాలుగోది పొడుగు,
అమావాస్య గడిలోదానికి తల అరిగింది.

అప్పుడు కనబడింది.
చింతగింజలో సగం కూడా ఉండదు.
దాని ముఖాన ఉన్న జల్లెడ మీద
ఎర్రగా, మెత్తగా, అట్టకట్టి,
తేజ, బాడిగ, మూడొందల ముప్పై నాలుగు,
ఏ రైతుదో, ఏ టిక్కీదో.
సీజనంతా కాటా పక్కన నిలబడి
ధర అడిగిన ప్రతివాడికీ జవాబు చెబుతుంటే
నాతో పాటు అదీ పీల్చిన కారం.

ఊదా.
ఊదకూడదని తెలిసే ఊదా.
ఏడు తుమ్ములు.
రెండు మరలు తేదీలు మారాయి.
మంచం మీంచి అమ్మ,
"ఒంటి తుమ్ము కాదుగా, పని అవుద్దిలే."

కరుణ కనుబొమ్మల పట్టకారుతో
కొత్తది పట్టి కూర్చోబెట్టా.
రెండు బంగారు నాలుకలు కింద సరిగ్గా ఆనాలి.
ఆనాయనే అనుకున్నా.

బటన్ల ఫోనిచ్చి అమ్మని వసారాలోకి పంపా.
"ఏం మాట్లాడను రా?" అంది.
ఒకసారి వసారాలోంచి,
ఒక్క రవ్వ ఆలస్యంగా నా చెవిలోంచి.
అమ్మ గొంతు ఇంత దగ్గరగా
ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు.
"ఏదో ఒకటి మాట్లాడు" అన్నా.
బియ్యం అయిపోయాయని చెప్పింది.

అన్నీ బిగించాక
పదిహేడో తేదీ మర మిగిలింది.
ఎక్కడిదో ఎంత ఆలోచించినా తట్టలేదు.
ఖాళీ మందు డబ్బాలో పడేశా.

రెండూ పదికి ఫోను వణికింది.
స్పీకరు నొక్కలేదు.
"తిన్నారా?" ఎప్పట్లానే గట్టిగా మొదలెట్టింది.
"మెల్లగా, కరుణా. చెవిలోనే ఉన్నావు."
కాసేపు ఫాను చప్పుడు, అక్కడి ఫానుది.
ట్రాలీ చక్రం ఒకటి కిర్రుమంటూ దాటిపోయింది.
అప్పుడు చెప్పింది,
ఏడో మంచం కుర్రాడి సంగతి.
పెదనందిపాడు నుంచి వాళ్ల నాన్న
క్యారేజీలో అన్నం తెచ్చేసరికి
పక్క మార్చేశారట.
ఆయన తినలేక, పారెయ్యలేక
"నువ్వన్నా తినమ్మా" అని
ఈమె ముందు గిన్నె విప్పాడట.
తిన్నావా అని నేనడగలేదు.
అది పోయిన నెల మాట.
ఆ రాత్రే నాతో "ఏం లేదు" అంది.

ఊ కొడుతూనే ఉన్నా.
చెవి మండింది, ఫోను వేడికో,
ఏ మూలో ఇంకా మిగిలిన కారానికో.
"టీ చల్లారిపోద్ది" అన్నా.
"చల్లారనీ" అంది.

ఆమె పెట్టేశాక
ఫోను ఊపి చూశా.
లోపలెక్కడో సన్నగా టిక్కుమంది.
రేపు చూడాలి.